ఒడ్డున ఉండే మనిషి

ఫిబ్రవరి 4

అమ్మాయి తన పాత లాప్‌టాప్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. బల్ల మీద పుస్తకాలు మంచం మీదికి వెళ్ళాయి. ఇక నేనెక్కడ పడుకోవాలో పుస్తకాలే నిర్ణయిస్తాయి.

"రోజూ ఓ గంట ఇది చూసిపెట్టు నాన్నా. ఎవరైనా బూతులు రాస్తే తీసెయ్. ఎవరైనా ఏమైనా అడిగితే నాకు చెప్పు."

"వీడియో గేముల గురించి నాకేం తెలుసు?"

"ఆట గురించి తెలియక్కర్లేదు. మనుషుల గురించి తెలుసుగా. ముప్ఫై ఏళ్ళు ఉత్తరాల పేజీ చూశావు."

ముప్ఫై ఏళ్ళు చూసి తెలుసుకున్నది, మనుషుల గురించి తెలుసుకోదగ్గది పెద్దగా లేదని. ఆ మాట పైకి అనలేదు. దాని కళ్ళ కింద నలుపు చూస్తే అనబుద్ధి కాలేదు.

ఆట పేరు వంతెన. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. నడుమ నది. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఇద్దరు పలక మీద పలక వేసుకుంటూ అవతలి ఒడ్డుకు వెళ్ళాలి. మూడోవాడు కదలకుండా తమ ఒడ్డున దీపం కాయాలి. శత్రువు వచ్చి దీపం ఆర్పేస్తే పలకలు కనిపించవు, కట్టేవాళ్ళు నీళ్ళలో పడతారు. దాటినవాడికి పేరు. ఒడ్డున ఉన్నవాడికి ఏమీ లేదు.

అమ్మాయి ఆ ఆటను తయారు చెయ్యదు. దానికి మనుషుల్ని తెస్తుంది. పోటీలు పెడుతుంది, వాటిని లైవ్‌లో చూపిస్తుంది, ఆడేవాళ్ళు మాట్లాడుకునే వేదిక నడుపుతుంది. మూడేళ్ళుగా అదే పని. మనుషులు మాత్రం రావడం లేదు. మేలో ఫైనల్స్. అప్పటికి జనం పెరగకపోతే కంపెనీ సర్వర్లు ఆపేస్తుందట. సర్వర్లు ఆగితే ఆట ఉండదు, దాంతోపాటు అమ్మాయి ఉద్యోగమూ ఉండదు. పుస్తకమైతే అచ్చు ఆగిపోయినా ఏ అటక మీదో ఒక ప్రతి మిగులుతుంది. దీనికి అదీ లేదు.

ఫిబ్రవరి 5

చూశాను. ఎవరూ లేరు.

ఫిబ్రవరి 9

ఎవరూ లేరనడం అన్యాయం. అయిదారుగురు ఉన్నారు. వాళ్ళలో వాళ్ళు పాత ఆటల గురించి గొప్పలు చెప్పుకుంటారు, ఆరిపోయిన పొయ్యి చుట్టూ కూర్చుని చలి కాచుకుంటున్నట్టు. కొత్తవాడు వస్తే ఒడ్డున నిలబెడతారు. వాడు రెండాటలు దీపం కాసి, విసుగెత్తి, ఒక తిట్టు రాసి వెళ్ళిపోతాడు. ఆ తిట్టు తీసెయ్యడం నా పని. తీసేస్తే వాడు వచ్చిన గుర్తు కూడా మిగలదు.

అమ్మాయితో అన్నాను, మీ జబ్బు ఒడ్డునే ఉందని.

"తెలుసు నాన్నా. ఒడ్డున నిలబడటం ఎవరికిష్టం? మూడేళ్ళుగా కొట్టుకుంటున్నా."

మా పత్రికలోనూ ఇదే జబ్బు వచ్చింది ఒకప్పుడు. ఉత్తరాలు రావడం తగ్గింది. పేజీ ఖాళీగా వదల్లేం కదా. సంపాదకుడు నన్ను తన గదిలోకి పిలిచి, "పాఠకుల్ని మీరే చూసుకోండి" అన్నాడు. అంటే రాసుకోండి అని. ఆ మహానుభావుడు తన సంపాదకీయాలను పొగుడుతూ తానే ఉత్తరాలు రాసుకుని, వాటిలో నాలుగు మాటలు నా చేత తగ్గింపించేవాడు, మరీ ఎబ్బెట్టుగా ఉండకూడదని. నేను ఆ పని చెయ్యలేదు. నేను మనుషుల్ని పుట్టించాను. ఒక రిటైర్డ్ పంతులు, ఒక బస్సు కండక్టరు, ఒక గృహిణి. వాళ్ళు ఒకరినొకరు తిట్టుకున్నారు. నెల తిరిగేసరికి నిజం పాఠకులు ఎవరో ఒకరి పక్షాన చేరి సంచుల కొద్దీ రాశారు. పేజీ బతికింది. పేరు సంపాదకుడికి వచ్చింది.

మా ఆవిడ రోజూ పొద్దున ఆ పేజీ చదివేది. గృహిణి ఉత్తరం మీద వేలు పెట్టి, "ఇది మీరే" అనేది.

"ఎలా తెలుసు?"

"ఆడవాళ్ళు అంతసేపు మాట్లాడరండీ. ఈలోపు పాలు పొంగుతాయి."

ఫిబ్రవరి 10

అలాంటి పని ఇక్కడ చెయ్యను. ఇది అమ్మాయి ఉద్యోగం.

ఫిబ్రవరి 11

చేశాను. ఒక్కటే.

ఫిబ్రవరి 12

ఒకటి కాదు, రెండు. ఒక్కడే మాట్లాడితే అది ఉపన్యాసం. ఇద్దరైతేనే జనం ఆగి చూస్తారు. ఇందులో మోసం ఏముంది, పందిరి వేసినవాడు గుంజ పాతుతాడు. తీగ పాకాక గుంజ తీసేస్తే సరి.

మొదటి ఖాతా పేరు "ఒడ్డున ఉన్నాను". ఆమె ఇలా రాసింది: "నాకు కట్టడం రాదు. ఒడ్డునే ఉంటాను. మీరు అటు వెళ్ళి ఏం పొడుస్తారో గానీ దీపం ఆరితే ఇద్దరూ నీళ్ళలోనే. వచ్చేటప్పుడు కాళ్ళు తుడుచుకుని రండి."

రెండో ఖాతా పేరు "చివరి మాట". అతను రాశాడు: "ఒడ్డున నిలబడటం ఆట కాదు. అది కాపలా ఉద్యోగం. వీరగాథల్లో కోట గుమ్మం కాచినవాడి పేరు ఎవరికైనా గుర్తుందా?"

ఆమె: "గుర్తుండకపోతే తప్పు గాథ రాసినవాడిది. గుమ్మం ఎవరూ కాయకపోతే మీ వీరుడు పొద్దున్నే లేచి ఏ ఇంట్లో కాఫీ తాగేవాడు?"

అతని మాటకు అరగంట పట్టింది. ఆమె మాట చెయ్యి దానంతటదే రాసేసింది.

ఫిబ్రవరి 20

అన్నం తింటూ అమ్మాయి ఫోను చూసి నవ్వింది. దాని నవ్వు విని చాలా రోజులైంది.

"వేదికలోకి ఎవరో ఒకావిడ వచ్చింది నాన్నా. చూశావా? చివరి మాట అని ఒకాయనున్నాడు. ఆయన్ని నిలబెట్టి కడిగేస్తోంది."

"చూశాను. ఆయన చెప్పేదాంట్లోనూ విషయం ఉంది."

"విషయం ఉంది. మనిషే భరించరానివాడు."

పెరుగు వడ్డించుకున్నాను.

"పిల్లలు ఆమెని అత్తయ్య అంటున్నారు. నిన్న ఒకడు అడిగాడు, అత్తయ్యా, ఒడ్డున నిలబడితే బోరు కొట్టదా అని. ఏమందో తెలుసా? బోరు కొట్టినప్పుడు అవతలి ఒడ్డు దీపం చూస్తూ ఉంటా, అక్కడా నాలాంటిదే ఒకతి నిలబడి ఉంటుంది కదా, అంది." అమ్మాయి చెయ్యి కంచంలో ఆగింది. "అమ్మ మాట్లాడినట్టే ఉంటుంది నాన్నా."

"అందరు ఆడవాళ్ళూ అలాగే మాట్లాడతారు."

ఫిబ్రవరి 27

నీరసంగా ఉంది. ఇద్దరిగా బతకడం ఈ వయసులో అయ్యే పని కాదు.

మార్చి 2

ఆవిడ అమ్మాయికి ఫోన్ చేసింది. గోడ పల్చన. వినాలని వినలేదు.

ఆవిడ వాళ్ళ అక్కగారింటికి వెళ్ళి ఈ వేసవికి రెండేళ్ళు. వదిన నన్ను మొదటినుంచీ అచ్చుతప్పును చూసినట్టే చూసింది. ఆవిడ వెళ్ళిన పూట నేనేదో ప్రూఫు దిద్దుకుంటున్నాను. తలుపు చప్పుడైంది. గాలి అనుకున్నాను.

అమ్మాయి గదిలోకి తొంగిచూసింది. "ఎలా ఉన్నావని అడిగింది."

"బాగున్నానని చెప్పు."

"నువ్వే చెప్పొచ్చుగా. లైన్లోనే ఉంది."

"పనిలో ఉన్నాను."

నిజంగానే పనిలో ఉన్నాను. అత్తయ్యకు ఇద్దరు పిల్లలు ప్రశ్నలు వేశారు, జవాబులు రాయాలి.

మార్చి 15

వేదికలో ఇప్పుడు ఒడ్డువాళ్ళకు వేరే గది ఏర్పడింది. నేను పెట్టింది కాదు, వాళ్ళే పెట్టుకున్నారు. ఒక లారీ డ్రైవరున్నాడు, సరుకు దించే చోట ఆగినప్పుడు ఆడతాడు. ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు ఉంది. డ్యూటీ దిగి ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే ఒక ఆట ఆడుతుందట. "రాత్రంతా మనుషుల్ని కాస్తాను, ఇంటికొచ్చి దీపం కాస్తాను. దీపం అయితే కాల్ బెల్ కొట్టదు" అని రాసింది. ఆ వాక్యం మా పేజీకి వచ్చి ఉంటే చుట్టూ గీత గీసి పేజీ పైన వేసేవాణ్ణి.

కొత్తవాళ్ళు వస్తున్నారు. వచ్చినవాళ్ళు మునుపటిలా పోవడం లేదు. ఒడ్డున నిలబెడితే అవమానం అనుకోవడం మానేశారు. ఆదివారం పోటీల్లో వ్యాఖ్యానం చెప్పేవాడు వంతెన చివరనే చూపించేవాడు. ఇప్పుడు మధ్యమధ్యలో ఒడ్డు చూపించి, "అత్తయ్య బ్యాచ్ ఏం చేస్తోందో చూద్దాం" అంటున్నాడు. ఎంతమంది చూస్తున్నారన్న అంకె తెర మూల కనిపిస్తూ ఉంటుంది. నేను దాన్ని చూడను. ఇవాళ మాత్రం పోయిన వారానికి రెట్టింపు ఉంది.

అమ్మాయి పైఅధికారి ఒకడున్నాడు. ఏ మాట అడిగినా గ్రాఫు తీసి చూపిస్తాడు కనుక నేను వాణ్ణి గ్రాఫు అంటాను. మూడేళ్ళు కిందికి చూసిన ఆ గీత ఇప్పుడు తల ఎత్తిందట. పైవాళ్ళకు తన వ్యూహమని చెప్పుకున్నాడట. సంపాదకులు చచ్చిపోరు. వేరే కుర్చీల్లో పుడతారు.

మార్చి 16

చివరి మాటని ఒక్కసారైనా గెలిపిద్దామని కూర్చున్నాను. ఉదాహరణలన్నీ సిద్ధం చేసుకున్నాను, మూడు భాషల్లోంచి. ఆవిడ ఒక్క ముక్కలో తీసిపారేసింది.

మార్చి 17

"ఆమె" అని రాయాలి. "ఆవిడ" అని రాశాను నిన్న.

ఏప్రిల్ 3

గ్రాఫు ఇంటికి వచ్చాడు. బూట్లతోనే హాల్లోకి వచ్చి, అమ్మాయి చూపు చూసి మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళి విప్పాడు.

"హలో అంకుల్! మీరు మోడరేషన్ చూస్తున్నారటగా. సూపర్."

నేను ఎవరికీ అంకుల్ని కాను. అయినా తలూపాను.

"మేడమ్, అత్తయ్యని ఫైనల్స్‌కి తెద్దాం. స్టేజి మీద దీపం ఆవిడే వెలిగించాలి. పోస్టర్ మీద ఆవిడ ఫొటో. అంకుల్, మీరేమంటారు?"

"ఆవిడ రాకపోవచ్చు," అన్నాను.

"ఎందుకు రాదు?"

"వయసైనవాళ్ళకు సవాలక్ష ఉంటాయి."

"కారు పంపిద్దాం అంకుల్." అమ్మాయి వైపు తిరిగాడు. "పైవాళ్ళకి ఇప్పుడు అనుమానం ఒక్కటే. వేరే కంపెనీల్లో దొంగ ఖాతాలు పెట్టి జనాన్ని పెంచి చూపించారు కదా, మనదీ అంతేనా అని. మేడమ్ రాసి సంతకం పెట్టారు, ఇక్కడ ప్రతి మనిషీ నిజం మనిషేనని. అత్తయ్య ఒక్కసారి స్టేజి ఎక్కితే ఇంకెవరూ నోరెత్తరు. ఇంకో సీజన్ గ్యారంటీ."

అమ్మాయి కాఫీ కప్పులు తీస్తోంది. నా వైపు చూడలేదు.

"ఎప్పుడు సంతకం పెట్టావు?" అని అడిగాను వాడు వెళ్ళాక.

"పోయిన నెల."

"నాకు చెప్పలేదే."

"నీకెందుకు చెప్పాలి నాన్నా?"

అంత మామూలుగా అడిగింది.

ఏప్రిల్ 4

అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. మెట్లెక్కలేను, ప్రయాణం చెయ్యలేను, మన్నించాలి అని రాశాను. సాయంత్రానికి చిట్కాలు కుప్పలయ్యాయి. లారీ డ్రైవరు తన లారీలోనే పరుపు వేసి తీసుకెళతానన్నాడు. నర్సు ఏ మాత్ర వేసుకోకూడదో వివరంగా రాసి, చివర, "ఎక్కలేకపోతే మేం ఎత్తుకుని తీసుకెళతాం అత్తయ్యా. ఎత్తడం నాకు అలవాటే" అంది.

నా మోకాళ్ళు కూడా నొప్పిగానే ఉన్నాయి. ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ 9

అయిపోయింది.

నర్సుకు ఇవాళ సెలవు. అత్తయ్యతో కలిసి ఒక్క ఆట ఆడాలని ముచ్చటపడి ఆమె ఖాతా తెరిచింది. ప్రతి ఖాతా కింద ఎన్ని ఆటలు ఆడారో, ఏ స్థానంలో ఆడారో రాసి ఉంటుందట. అత్తయ్య ఖాతా కింద "ఇంకా ఆట మొదలుపెట్టలేదు" అని ఉంది.

నాకు ఆ సంగతి తెలియదు. ఆట గురించి రాయాలంటే ఆడాలని కూడా తోచలేదు. ఏళ్ళ తరబడి బస్సెక్కకుండా కండక్టరు ఉత్తరాలు రాసినవాణ్ణి.

నర్సు తిట్టలేదు. "అత్తయ్యా, ఇదేదో పొరపాటు కదూ?" అని మాత్రం రాసింది. దాని కింద మిగతావాళ్ళు రాశారు. చివరి మాట ఖాతా కూడా తెరిచి చూశారు. అదీ అంతే.

అమ్మాయి నా గదిలోకి వచ్చి పుస్తకాలు జరిపి మంచం అంచున కూర్చుంది.

"రెండూ నువ్వేనా?"

"పందిరికి గుంజ..."

"నాన్నా. రెండూ నువ్వేనా?"

"నీకు తెలియదా? ఎవరు ఎక్కణ్ణుంచి రాస్తున్నారో నీకు కనిపిస్తుందిగా?"

ఫోను బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది.

"కనిపిస్తుంది. నేను చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని చూడలేదు."

"అయితే ఏం చేద్దాం?"

"చేద్దాం ఏమిటి? సంతకం నాది."

ఏప్రిల్ 10

పొద్దున్నే లేచి ఒక ఉపాయం చేశాను. అత్తయ్య చనిపోయినట్టు వాళ్ళ బంధువు ఎవరో రాసినట్టు నాలుగు వాక్యాలు. పొట్టిగా, హుందాగా ఉన్నాయి. ఆమె తరఫున ఆడేది ఆమె మేనకోడలని, అందుకే ఖాతా వేరని కూడా ఇరికించాను. మా కండక్టరును అలాగే పంపించాను, గుండెపోటుతో. సంతాపం తెలుపుతూ సంచెడు ఉత్తరాలు వచ్చాయి. చనిపోయినవాణ్ణి లెక్కలు అడగరు ఎవరూ.

వేదికలో పెట్టిన కాసేపటికే మాయమైంది. అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది, తడి జుట్టుతో.

"అమ్మ గొంతు తీసుకున్నావు. వాడుకున్నావు. ఇప్పుడు అవసరం తీరి చంపేస్తున్నావా?"

"మీ అమ్మకూ దీనికీ..."

"మార్చిలోనే అమ్మకి ఆ లింకు పంపించాను నాన్నా. ఎవరో అచ్చం నీలాగే మాట్లాడుతోందమ్మా, చదువు, నవ్వుకుంటావు అని పంపించాను. రోజూ చదువుతోంది. ఇది కూడా చదివేదేమో, కాస్త ఆలస్యమైతే."

బల్ల మీద ఉన్న నిఘంటువు తీసి, ఏ మాట కోసమో గుర్తు రాక, మళ్ళీ పెట్టేశాను.

"నిజం రాయి," అంది. "నీ పేరు పెట్టి రాయి."

"నా పేరుతో నేనెప్పుడూ ఏమీ రాయలేదు."

"అదే కదా అమ్మ కూడా అనేది."

ఏప్రిల్ 11

రాశాను. నాలుగుసార్లు కొట్టేశాను. మొదటి ప్రతిలో సంపాదకుడున్నాడు, రెండో దాంట్లో గ్రాఫు ఉన్నాడు, మూడో దాంట్లో పత్రికల చరిత్ర ఉంది. ఆఖరికి మిగిలింది ఇంతే:

"అత్తయ్య, చివరి మాట, ఇద్దరూ నేనే. ఈ వేదిక నడిపే అమ్మాయి తండ్రిని. ఆమెకు చెప్పకుండా చేశాను. నేను ఈ ఆట ఎన్నడూ ఆడలేదు."

కింద నా పేరు. తెర మీద చూస్తే ఎవరి పేరోలా ఉంది.

ఏప్రిల్ 12

తిట్లు. నా పని తిట్లు తీసెయ్యడమే కానీ వీటిని తియ్యలేదు. భాష బాగానే ఉంది కొన్నింట్లో.

లారీ డ్రైవరు: "పెద్దాయనా, పరుపు కూడా కొన్నాను."

నర్సు ఒక్క వాక్యం రాసింది: "మరి ఇన్నాళ్ళూ నేనెవరి మాట మీద నిలబడ్డాను?"

దానికి జవాబు ఆమె అయితే ఇట్టే చెప్పేది.

గ్రాఫు ఫోన్ చేశాడు. అమ్మాయి స్పీకరులో పెట్టింది. "అంకుల్‌ని అప్పుడే కనిపెట్టాను నేను. నాకు ముందే డౌట్," అన్నాడు. గీత ఎక్కినప్పుడు వ్యూహం తనది, జారినప్పుడు అనుమానం తనది. పైవాళ్ళు అమ్మాయిని సోమవారం రమ్మన్నారట.

ఏప్రిల్ 15

అమ్మాయి వెళ్ళి వచ్చింది. ఫైనల్స్ దాకా ఉండనిచ్చారు. ఆ రోజు వచ్చిన జనాన్ని బట్టి ఆట సంగతి, దాని సంగతి ఒకేసారి తేలుస్తారు.

నా మూడు ఖాతాలూ, నా పేరు పెట్టి రాసినదాంతో సహా, అది తన చేత్తోనే మూసేసింది. "సీజన్ మొత్తం నిషేధం. చదవొచ్చు. రాయకూడదు."

"సబబే," అన్నాను.

"సబబో కాదో నిన్నడగలేదు నాన్నా."

అచ్చం వాళ్ళమ్మే.

ఏప్రిల్ 21

రెండు రోజులుగా జ్వరం. చదవడం లేదు, ఏదీ.

మధ్యాహ్నం అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి దుప్పటి మీద పెట్టి, వెళ్ళిపోయింది. నేను పేరు పెట్టి రాసినదాని కింద, తిట్లన్నీ దాటాక, ఇంతవరకు ఏమీ రాయని ఖాతా ఒకటి. పేరు "నేనే".

"ఇద్దరూ తానేనని ఆయన రాశారు. చివరి మాట ఆయనే, అందులో అనుమానం లేదు. రెండోది నేను. తీసుకునేటప్పుడు నన్నడగలేదు. ఒక దిద్దుబాటు ఉంది. నేను ఇంతసేపు మాట్లాడను. ప్రతి మాటకూ ఇలా జవాబు చెప్పే మనిషినైతే ఆ ఇంట్లో అన్నేళ్ళు ఉండేదాన్నే కాదు, మొదటి ఏడే వచ్చేసేదాన్ని. ఆయన నా చేత చెప్పించినవి నేను మనసులో అనుకున్నవే. ఆయనకు వినిపించాయని ఇప్పుడే తెలిసింది.

నర్సు అమ్మాయీ, నువ్వు ఎవరి మాట మీదో నిలబడలేదు. నీ కాళ్ళ మీద నిలబడ్డావు. ఆట బాగుంది. పొయ్యి మీద..."

అక్కడితో ఆగిపోయింది.

ఆ ఖాతా తెరిచి చూశాను. ఆటలు మార్చి మొదటి వారం నుంచి ఉన్నాయి. రోజూ ఉన్నాయి. స్థానం అన్న చోట పై నుంచి కింది దాకా ఒకటే మాట. ఒడ్డు, ఒడ్డు, ఒడ్డు.

దాని కింద నర్సు జవాబు: "అయ్యో! పొద్దున్నే అవతలి ఒడ్డున దీపం పక్కన అటూ ఇటూ తిరుగుతూ ఉండేది మీరా? రోజూ ఒకసారి చెయ్యి ఊపేవారు?"

"నేనే," అని ఉంది కింద.

ఏప్రిల్ 22

జ్వరం తగ్గింది. "మనసులో అనుకున్నవే" అన్న వాక్యం మళ్ళీ చదివాను. తర్వాతిది కూడా.

మే 10

ఫైనల్స్. వెళ్ళలేదు. ఇక్కణ్ణుంచే చూశాను.

హాలు సగమే నిండింది. కట్టేవాళ్ళలో చాలామంది వెళ్ళిపోయారు, వేరే ఆటలకు. ఒడ్డువాళ్ళు పోలేదు. లారీ డ్రైవరు వచ్చాడు, నేననుకున్నంత లావుగా లేడు. దీపం నర్సు వెలిగించింది. సూదులు పొడిచే చెయ్యి.

ఆవిడను రమ్మని అమ్మాయి పిలిచిందట. "స్టేజి ఎక్కితే ఇక్కడ దీపం ఎవరు చూస్తారే" అందట.

అంకె నేను భయపడినంత తక్కువ లేదు, గ్రాఫు చెప్పినంత ఎక్కువా లేదు. పైవాళ్ళు ఇంకో సీజన్ ఇచ్చారు. అమ్మాయిని ఉంచారు. గెలుపని అనను. ఉత్తరాల పేజీని కూడా ఇలాగే సీజన్ సీజన్‌కీ వాయిదా వేస్తూ వచ్చి, ఒక రోజు అక్కడ పరుపుల ప్రకటన వేశారు. అమ్మాయి ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో కూలబడి, అలాగే నిద్రపోయింది. ఫ్యాను వేశాను.

మే 18

పొద్దున అమ్మాయి పక్క గదిలోంచి కేకేసింది. "నాన్నా, ఒక మనిషి తక్కువయ్యారు. ఆడతావా?"

"నిషేధం కదా?"

"రాయడం మీద. ఆడటం మీద కాదు. కొత్త ఖాతా తెరిచి పెట్టాను. నీ పేరే."

"మూడో మనిషి ఎవరు?"

"ఆడితే తెలుస్తుంది."

నేనూ అమ్మాయీ కట్టాలి. మూడో మనిషి అప్పటికే దీపం పక్కన నిలబడి ఉంది. అటూ ఇటూ తిరుగుతోంది. నన్ను చూసి ఆగింది. చెయ్యి ఊపలేదు. మళ్ళీ తిరగసాగింది.

పలకలు వెయ్యడం రాక చాలాసేపు అవస్థపడ్డాను. అమ్మాయి గోడ అవతలి నుంచి అరుస్తూ ఉంది, "ఎడమవైపు నాన్నా, నీ ఎడమ!" తర్వాత తనే నీళ్ళలో పడింది. మిగిలింది నేను. ఎలాగో చేతికి పట్టు దొరికింది. ఒక్కొక్క పలకా వేసుకుంటూ నది సగం దాటాను, సగం దాటి ఇంకా వెళ్ళాను. అవతలి గట్టు మీద గడ్డి కూడా కనిపిస్తోంది. ఇంకో నాలుగు పలకలుంటాయి. జీవితంలో ఏదీ మొదటిసారే ఇంత దూరం రాలేదు నాకు.

తెర కింద ఒక ముక్క వచ్చింది. "పాలు పెట్టాను. వస్తా."

వెనక్కి చూశాను. దీపం వెలుగుతోంది. పక్కన మనిషి ఉంది గానీ కదలడం లేదు, బొమ్మలా నిలబడిపోయింది. అవతలి జట్టు కట్టేవాడొకడు మా గట్టు వైపు వస్తున్నాడు.

"నాన్నా, దాటెయ్! నాలుగే! వాడు వచ్చేలోపు దాటెయ్యొచ్చు!"

నిజమే, దాటెయ్యొచ్చు.

వెనక్కి తిరిగి పరుగెత్తాను. పలకల మీద పరుగెత్తడం రాదు నాకు, పడబోయి నిలదొక్కుకున్నాను. వాడికంటే కాస్త ముందు గట్టెక్కి దీపానికి అడ్డంగా నిలబడ్డాను. కొట్టాడు. కదల్లేదు.

అమ్మాయి గుమ్మంలోకి వచ్చేసింది. "గెలిచేవాళ్ళం కదా! ఎందుకొచ్చేశావు?"

"ఒడ్డున ఎవరూ లేరు."

అమ్మాయి గుమ్మానికి ఆనుకుని నిలబడి తెర వంకే చూస్తోంది.

అవతలివాళ్ళు మెల్లగా దాటేశారు, ఆట పోయింది. అది అయిపోయే ముందు, నా పక్కన బొమ్మలా ఉన్న మనిషి కదిలింది. అటూ ఇటూ చూసింది. అవతలి ఒడ్డు దగ్గర ఆగిపోయిన నా వంతెనను చూసిందో లేదో తెలియదు.

"మీరు కాళ్ళు తుడుచుకున్నారా?" అని రాసింది.

నిషేధం ఉంది కదా, రాయలేదు. చెయ్యి ఎలా ఊపాలో అమ్మాయినడిగి, ఊపాను.